పాత అంకె చెరపొద్దు

మొన్న మంగళవారం పొద్దున కమలమ్మ గారు ఆటోలో ఒక పాత కంప్యూటర్ డబ్బా తెచ్చి మా ఆఫీసు మెట్ల దగ్గర దించారు. మేడ మీదికి మోయలేక కింద నుంచే నన్ను పిలిచారు. "పద్మా, మీ సార్ డబ్బా బిడ్డా. రెండేండ్ల సంది మంచం కిందనే ఉన్నది. దీంట్ల మా ఫోటోలున్నయట, జర తీసిస్తవా?" మా సార్ అంటే లక్ష్మీరాజం సార్. ఆమె భర్త, నాకు ఈ పని నేర్పినాయన. పోయి రెండేళ్లు దాటింది. డబ్బా పైకి తెచ్చి, బట్టతో దుమ్ము తుడిచి, తీగలు కలిపి బటన్ నొక్కాను. లోపల హార్డ్ డిస్క్ కర్రు కర్రుమంటూ లేచింది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ చప్పుడు లేదు, అవి పని చేస్తున్నాయో నిద్రపోతున్నాయో దేవుడికే ఎరుక. ఆ చప్పుడు చెవిన పడగానే నా కుడి అరచెయ్యి దానంతటదే పోయి డబ్బా మీద ఆనింది. అది నా అలవాటు కాదు, సార్‌ది. ఎక్కడికి పోయినా ఆయన ముందు కీబోర్డు ముట్టేవారు కాదు. డబ్బా మీద చెయ్యి పెట్టి, పిల్లకు జ్వరం చూసినట్టు కాసేపు ఊరికే కూర్చునేవారు. చూసేవాళ్లకు నవ్వొచ్చేది. మొదట్లో నాకూ వచ్చింది.

సార్‌ను మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తు పెట్టుకునే మనిషి కాదు. పొట్టిగా, చొక్కా జేబులో టెస్టర్, చేతిలో అన్నం టిఫిన్‌తో కరీంనగర్ బస్టాండ్‌లో రోజూ కనిపించే వందమందిలో ఒకరు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా సిరిసిల్లలో సాంచెలు బాగుచేసే మిస్త్రీ. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఎవరో కొన్న కంప్యూటర్ చెడిపోతే, నట్లు తిప్పేవాడే కదా అని ఈయన్ని పిలిచారట, అట్లా మొదలైందట ఆయన చదువు. నేను ఎంసీఏ పట్టా చేత పట్టుకుని వచ్చేసరికి ఆయన గ్రానైట్ దుకాణం పైన రెండు గదుల ఆఫీసు పెట్టి, చిన్న ఆసుపత్రులకూ రక్త పరీక్షల ల్యాబులకూ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తున్నారు. కింద రాయి కోసే దుమ్ము పైకి వచ్చి మా కీబోర్డుల మీద తెల్లగా పేరుకునేది. పట్టా లేని మనిషి దగ్గర పట్టా ఉన్నదాన్ని పని నేర్చుకోవడమేమిటని లోపల నాకు కొంచెం పొగరు ఉండేది. లేదని చెప్తే అబద్ధం.

మా పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా సాఫ్ట్‌వేర్ పైకి చూస్తే పేరు, వయసు, పరీక్ష ఫలితం రాసుకునే ఒక తెర. కానీ దాన్ని డాక్టర్ల కంప్యూటర్‌లో ఎక్కించినప్పుడు దాని కడుపులో ఒక డేటాబేస్ సర్వర్ కూడా చప్పుడు లేకుండా లోపలికి పోతుంది. రాసినవన్నీ దాచేదీ, అడిగితే వెతికి ఇచ్చేదీ అదే. అదొకటి ఉందన్న సంగతి వాడేవాళ్లకు తెలియదు. దానికి ఒక చిన్న సెట్టింగుల ఫైలు ఉంటుంది. తెరిస్తే వరుసగా పేర్లు, పక్కన అంకెలు. ఎంత మెమొరీ వాడుకోవాలి, ఒకేసారి ఎందరిని రానివ్వాలి, రాసినదాన్ని డిస్క్ మీదికి ఎప్పుడు దించాలి. ఆ అంకెలు కుదిరితే ఎవరూ మనల్ని తలుచుకోరు. కుదరకపోతే ఫోన్ మోగుతుంది.

నా మొదటి ఫోన్ మంథని నుంచి. అది మా సొంత ఊరు. అక్కడి ల్యాబులో సమ్మన్న అనే ఆయన పనిచేసేవాడు. రిపోర్టు ప్రింట్ కొడితే చాయ్ తాగి వచ్చేదాకా రావడం లేదని అతని గోల. మా ఊళ్లో నా పరువు నిలబెట్టుకోవాలని ఉరుక్కుంటూ పోయి, ఫైల్ తెరిచి, సర్వర్‌కు కంప్యూటర్‌లోని మెమొరీలో ముప్పావు వంతు రాసిచ్చాను. పుస్తకంలో అట్లాగే ఉంది, ఎంత ఎక్కువిస్తే అంత వేగమని. ప్రింట్ కొడితే సమ్మన్న చాయ్ తాగి, బీడీ కూడా తాగి వచ్చాడు. మర్నాడు సార్ వచ్చారు. చెయ్యి పెట్టి కూర్చున్నారు. పొద్దంతా సమ్మన్న పక్కనే కుర్చీ వేసుకుని అతను ఏం చేస్తాడో చూశారు. సాయంత్రం నేను రాసిన అంకెను తగ్గించారు, అసలు ఉన్నదానికంటే కూడా తగ్గించారు. రిపోర్టు గబుక్కున వచ్చింది. నాకు తల తిరిగిపోయింది.

"తగ్గిస్తే వేగం పెరుగుడేంది సార్?" అన్నాను.

"అది ఒక్కతే లేదు గద పద్మా గీ డబ్బల. ప్రింటరున్నది. వైరస్ చూసేదున్నది. సమ్మన్న పాటలున్నయి. నువ్వు అన్నం గిన్నె మొత్తం దాని ముంగటనే పెట్టినవ్. మిగిలినోళ్లు ఉపాసముంటే ఇల్లు నడుస్తదా?"

పెద్ద పెద్ద సర్వర్లకు వేరే ఎవరూ లేని సొంత గదే ఇస్తారు. మాది అట్లా కాదు, పదిమందిలో ఇరుక్కుని బతికే సర్వర్. పుస్తకంలో ఉన్నది గదిలో ఉన్నదాని సంగతి. ఇదంతా తర్వాత్తర్వాత నాకు అర్థమైంది. ఆ రోజు మాత్రం బస్సులో కూర్చుని, తగ్గిస్తే పెరగడం, తగ్గిస్తే పెరగడం అనుకుంటూ పెద్దపల్లి దాకా వచ్చాను. నిజం చెప్పాలంటే సార్ దగ్గర పనిచేసిన అన్నేళ్లూ నాది ఇదే వరస. ఆయన చేసింది కళ్లముందు కనిపించేది, ఎందుకు చేశారో వారం తర్వాత కానీ బుర్రకు ఎక్కేది కాదు, కొన్ని ఇప్పటికీ ఎక్కలేదు.

ఆయనకు మూడు పట్టింపులు ఉండేవి. ఫైల్ ముట్టుకునే ముందు దాని నకలు తీసి, ఆ రోజు తేదీ పేరుగా పెట్టి, తన పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. రోజుకు ఒక్క అంకె కంటే ఎక్కువ మార్చొద్దు. పాత అంకెను చెరపొద్దు. ఫైల్‌లో ఒక వరుస ముందు చిన్న గుర్తు పెడితే సర్వర్ దాన్ని చదవకుండా దాటిపోతుంది, మనుషులకే కనిపిస్తుంది. పాత అంకెకు ఆ గుర్తు పెట్టి, దాని కింద కొత్తది రాసి, పక్కన ఎవరు మార్చారో, ఎందుకో, తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాలతో రాసేవారు. కొన్ని ఆసుపత్రుల ఫైళ్లలో అసలు సెట్టింగుల కంటే ఈ రాతలే ఎక్కువ ఉండేవి. చెత్తలా ఉందని నాకు చిరాకు. ఒకసారి అడిగేశాను, తప్పని తేలిన అంకెను కూడా ఉంచుకోవడం దేనికని.

"రేపు అచ్చెటోడికి మనం ఏడేడ తిరిగినమో తెల్వాలె గద," అన్నారు. "సాంచె ఆగితే రెండు నట్లు ఒక్కసారి తిప్పేటోడు మిస్త్రీ కాదు. సాంచె నడుస్తది, గని ఏ నట్టు నడిపిచ్చిందో వానికి తెల్వది. మల్ల ఆగిననాడు ఏం జేస్తడు?"

"మనకంటే ముందే ఇంకెవరన్నా మార్చి ఉంటే?"

"తిట్టొద్దు. అడగాలె. వానికి మనకు కనిపియ్యనిది ఏదో కనిపిచ్చి ఉంటది."

ఈ మాట గుర్తుంచుకోండి. నేనే మర్చిపోయాను.

ఆసిఫాబాద్‌లో ఒక డాక్టరమ్మ ఉండేది. చుట్టుపక్కల గూడేల పిల్లలకు సికిల్ సెల్ పరీక్షలు చేసేది. రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే జబ్బు అది. పుట్టుకతో వస్తుంది. ముందే తెలిస్తే పిల్లను కాపాడుకోవచ్చు, తెలియకపోతే ఒళ్లు నొప్పులని పసరు పోసుకుంటూ కూర్చుంటారు. ఒక శనివారం పెద్ద క్యాంపు పెట్టింది. మా సాఫ్ట్‌వేర్‌లో పిల్ల పేరు, ఊరు రాసి సేవ్ చేస్తే ఒక నంబర్ వస్తుంది, ఆ నంబర్‌ను రక్తం సీసా మీద అతికించాలి. కానీ పాత కంప్యూటర్, ఒక్కో పేరు సేవ్ అయ్యేసరికి తాబేలు నడక. వరసలో నిలబడ్డవాళ్లు ఎండకు సొమ్మసిల్లుతారని డాక్టరమ్మ భయం. సార్‌కు వేరే ఊళ్లో పని ఉండి గురువారం నన్ను ఒక్కదాన్నే బస్సెక్కించారు. "మెమొరీ ఒక్కటి చూసి ఆడనే ఉండు. ఇంకేం ముట్టకు. శనివారం పొద్దుగాల నేనొస్త," అన్నారు.

మెమొరీ చూశాను. లాభం లేదు. కింద ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. సర్వర్‌ను చిట్టీలు అందుకునే గుమస్తా అనుకోండి. ఒక్కో చిట్టీ చేతికి రాగానే లేచిపోయి పెద్ద పుస్తకంలో ఎక్కించి రావాలా, లేక చిట్టీలు గుప్పిట్లో పట్టుకుని అన్నీ ఒక్కసారే ఎక్కించాలా అన్నది మొదటి వరుస. పట్టుకోవాలంటే ఎన్ని చిట్టీలదాకా పట్టుకోవాలన్నది రెండోది. మొదటి వరుసలో వెంటనే ఎక్కించాలని ఉంది. అందుకే నెమ్మది. రెండో వరుసలో పది అని ఉంది కానీ, మొదటిది అట్లా ఉన్నంతకాలం ఆ పదికి పనేమీ లేదు. గుప్పిట్లో పట్టుకుంటే ఉన్న ప్రమాదం ఒక్కటే. కరెంటు పోతే గుప్పిట్లోవి పోతాయి. గదిలో కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు నడిపించే కొత్త యూపీఎస్ ఉంది, పచ్చ దీపం వెలుగుతోంది. పోయినా పది పేర్లే కదా అనుకున్నాను. మొదటి వరుస మార్చేశాను. పేరు కొట్టి సేవ్ నొక్కితే రెప్పపాటులో నంబర్ వచ్చింది. డాక్టరమ్మ నా భుజం తట్టి, "మీ సార్ కంటే నువ్వే నయమమ్మా," అంది. కాళ్లు నేల మీద ఆనలేదు. నకలు తీయలేదు. పాత వరుస ఉంచలేదు. ఎందుకు మార్చానో రాయలేదు.

సార్‌కు ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పలేదు. దాచాలని కాదు. శనివారం ఆయన వచ్చి, ఆ వేగం చూసి, "గిదేం జేసినవ్ పద్మా?" అని తనంతట తాను అడగాలని. ఆయన నోటి నుంచి ఆ మాట వినాలని చచ్చేంత కోరిక. ఇరవై నాలుగేళ్లదాన్ని, అంతే బుద్ధి.

శనివారం నేను నర్సుల గదిలో ముఖం కడుక్కుని వచ్చేసరికి సార్ మొదటి బస్సుకే దిగి, కంప్యూటర్ ముందు చాయ్ తాగుతున్నారు. డబ్బా మీద చెయ్యి ఉంది. నన్ను చూసి తలూపారు. ఏమీ అడగలేదు. అప్పటికే బయట జనం. తల్లులు, తాతలు, చంకన పిల్లలు. పని మొదలైంది. పేరు, నంబర్, సీసా, పేరు, నంబర్, సీసా. కంప్యూటర్ ఉంది కదా అని కాగితం మీద ఎవరూ రాయలేదు. మధ్యాహ్నానికి నూరు దాటి సీసాలు అయ్యాయి. అప్పుడు కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కూసి, అదీ పోయింది. వరసలో కూర్చున్న ముసలివాళ్లకు ఉక్కపోస్తోందని ఒక నర్సు పాపం అప్పటికే కూలర్ తెచ్చి ఆ యూపీఎస్‌కే తగిలించింది. ఆమెనేమంటాం?

కరెంటు వచ్చాక తెరిచి చూస్తే ఆ రోజు పేర్లు లేవు. పది కాదు. ఒక్కటీ లేదు. జాబితాలో ఆఖరి పేరు నేను గురువారం పరీక్షకని కొట్టిన నా పేరే. బల్ల మీద సీసాలు వరుసగా నిలబడి ఉన్నాయి, ప్రతి దాని మీదా నంబర్ ఉంది, ఏ నంబర్ ఏ పిల్లదో చెప్పేవాళ్లు లేరు. పిల్లలు అప్పటికే గూడేల దారి పట్టారు. డాక్టరమ్మ ఒక సీసా తీసి దాని మీది నంబర్ చూసి, మళ్లీ బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది. "లక్ష్మీరాజం గారూ, సెట్టింగులు ఎవరన్నా ముట్టుకున్నారా?"

"నేనే మార్చిన మేడం," అన్నారు సార్. "పొద్దుగాల."

నా వైపు చూడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే చాలు, మూడు మాటలు. రాలేదు. నన్ను కాపాడుతున్నారనుకున్నాను. ఆ 'పొద్దుగాల' అన్న మాట కూడా అబద్ధం అతుక్కోవడానికి పెట్టిన జిగురు అనుకున్నాను. పది పోవాల్సిన చోట అన్నీ ఎట్లా పోయాయన్న ప్రశ్న అప్పుడే నా బుర్రలో మెదిలింది. అడిగితే నా సంగతి బయటపడుతుందని దాన్ని అక్కడే తొక్కేశాను.

ఆదివారం నుంచి బుధవారం దాకా సార్, నేను, గూడేల్లో మందులిచ్చే లచ్చుబాయి, ఒక నర్సు, జీపులో ఊరూరూ తిరిగాం. ఎవరెవరు వచ్చారో లచ్చుబాయికి తెలుసు. ప్రతి ఇంటి ముందూ నర్సు నోరు తెరిచేలోపే సార్ ముందుకు పోయి చెప్పేవారు. ఒక ఇంట్లో తల్లి పత్తి చేను నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"మొన్ననే ఇస్తిమి గద సార్ రక్తం. మల్లెందుకు?"

"పోగొట్టిన అవ్వా. నేనే పోగొట్టిన."

"అంత దూరం నడిపిచ్చుకొస్తిమి. పైలంగ దాసుకోవద్దా?"

"దాసుకోవాలె. దాసుకోలే. తప్పయింది."

ఆమె కూతురు ఐదేళ్లది, గడప మీద కూర్చుని అంతా విన్నది. నర్సు చెయ్యి చాపగానే ఆ పిల్ల మొన్న గుచ్చిన వేలును మడిచి దాచుకుని పక్క వేలు చాపింది. "ఇది," అన్నది, అంతే. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నేను జీపు వెనక్కి పోయి నిలబడ్డాను. సార్ అక్కడే, ఆ పిల్ల ముందే, గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆ నాలుగు రోజుల్లో 'నేనే పోగొట్టిన' అన్న మాట ఆయన ఎన్నిసార్లు అన్నారో, ప్రతిసారీ నేను పక్కనే ఉన్నాను. కొన్ని కుటుంబాలు దొరకలేదు. కూలికి మహారాష్ట్రకు దాటిపోయారు. ఆ సీసాల్లో కొడవలి తేలినవి ఉన్నాయి, అవి దొరకని పిల్లలవే కావచ్చు, కాకపోవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సార్ కిటికీ పక్కన కూర్చున్నారు. మంచిర్యాల దాటాక సీతాఫలం ఒకటి విప్పి సగం నాకిచ్చి, బయటికి చూస్తూనే అడిగారు. "పద్మా, ఏమన్న చెప్పాల్నా?"

"ఏం లేదు సార్," అన్నాను.

"సరే," అన్నారు. గింజలు కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నారు. మళ్లీ ఆ ముచ్చట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ వారం నుంచి సార్ సెట్టింగుల ఫైలు ముట్టుకోవడం మానేశారు. "ఇగ నువ్వే చూస్కో. నాకు సన్న అక్షరాలు కనిపిస్తలేవు," అనేవారు. కళ్లద్దాలు మార్చుకోండి సార్ అని నేను పోరుతూనే ఉండేదాన్ని. పేపర్ మాత్రం మంచిగానే చదివేవారు. అది గమనించి కూడా నేను ఏమీ అనుకోలేదు, అనుకోవడం ఇష్టం లేక కావచ్చు. డాక్టరమ్మ మమ్మల్ని వదిలేయలేదు కానీ, పక్కన కాగితం రిజిస్టర్ తప్పనిసరి చేసింది. తర్వాత ఎన్నో ఏళ్లు మేమిద్దరం ఒకే గదిలో, ఒకే గ్రానైట్ దుమ్ములో పనిచేశాం. రేపు చెప్తాను, ఉగాది తర్వాత చెప్తాను, ఆయన కూతురి పెళ్లి కానీ అని నేను వాయిదా వేస్తూ పోయాను. ఒకనాడు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయేలోపే పోయారు. ఆఫీసు నాకు మిగిలింది. ఎవరైనా మీ సార్ ఎట్లాంటి వాడని అడిగితే ఈ ఆసిఫాబాద్ కథే చెప్పేదాన్ని. నా తప్పును నెత్తిన వేసుకున్న మహానుభావుడని. నా తప్పేమిటో మాత్రం చెప్పేదాన్ని కాదు, ఎవరో పనిచేసే పిల్ల అనేదాన్ని. ఎంత తెలివి చూడండి.

ఇప్పుడు మొన్నటి మంగళవారానికి వస్తాను. కమలమ్మ గారు కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతుంటే నేను డబ్బాలో ఫోటోల కోసం వెతుకుతున్నాను. ఫోటోల పక్కన ఊళ్ల పేర్లతో ఫోల్డర్లు. మంథని, జమ్మికుంట, ఆసిఫాబాద్. పెన్‌డ్రైవ్‌లో దాచిన నకళ్లన్నీ ఇంటికి పోయి ఈ డబ్బాలో పెట్టుకున్నారన్నమాట. ఆసిఫాబాద్ తెరిస్తే ఆ శనివారం తేదీతో రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకటి మార్చకముందుది, ఒకటి మార్చిన తర్వాతది. ముందు రెండోది తెరిచాను. చిట్టీలు ఎన్నిదాకా పట్టుకోవాలన్న వరుసలో పాత పదికి గుర్తు పెట్టి ఉంది. దాని కింద వెయ్యి. పక్కన ఆయన రాత: 'లక్ష్మీరాజం. పొద్దుగాల. లైను పెద్దగున్నది, పదికోసారి ఆగుతది.'

పది ఉంటే పది పేర్లే పోయేవి. నేను గుప్పిట పట్టుకోమన్నాను, ఆయన ఆ గుప్పిటను వెయ్యికి పెద్దది చేశారు. నాది లేకుంటే ఆయన వెయ్యికి పనే లేదు, ఆయనది లేకుంటే నా తప్పు పది పేర్లతో తీరిపోయేది. 'నేనే మార్చిన, పొద్దుగాల' అన్నది నన్ను కాపాడే అబద్ధం కాదు, ఉన్న మాటే. పన్నెండేళ్లు నేను ఆయనకు వేసిన దండ ఆయనది కానే కాదు. మరి నా సంగతి ఆయనకు తెలియనే తెలియదా? తెలియక మొత్తం తనదేనని మోశారా, ఫైలు ముట్టడం మానేసింది అందుకా? బస్సులో అడిగింది మరి దేని గురించి? చెయ్యి డబ్బా మీదే ఉంది.

ఆయన తన అంకె మార్చకముందు నకలు తీసిన మొదటి ఫైలు తెరిచాను. నేను మార్చిన వరుస అట్లాగే ఉంది. దాని పక్కన, ఎవరి కోసమూ కాకుండా, తన నకలులో తన కోసం ఆయన రాసుకున్నది: 'పద్మ మార్చింది. ఎందుకో అడగాలె.'

అడగలేదు. పొద్దున జనం వచ్చిపడ్డారు, అడగలేదు. తర్వాత బస్సులో, చెప్పాల్నా అన్నారు తప్ప ఎందుకు మార్చినవని అడగలేదు. నేను ఆయన అడగాలని కూర్చున్నాను, ఆయన నేను చెప్పాలని కూర్చున్నారు. అంతవరకు అర్థమవుతోంది. మిగతాదే కావడం లేదు. నా వరుస చూసి కూడా దాన్ని వెనక్కి తిప్పకుండా, దాని కిందే తన అంకె ఎందుకు పెంచారు? పద్మకు ఏదో కనిపించి ఉంటుందని నమ్మారా? యూపీఎస్ పచ్చ దీపం ఆయన్నీ మోసం చేసిందా? ఒక సాంచెకు రెండు నట్లు తిప్పొద్దన్న మనిషి, నా నట్టు పక్కనే తన నట్టు తిప్పి, దేని వల్ల పోయిందో తేలకుండా ఎట్లా చేసుకున్నారు? నన్ను నమ్మడం వల్లే అయితే, ఆ నమ్మకం నాకు గర్వంగా ఉండాలా, సిగ్గుగా ఉండాలా? నాకు తెలియడం లేదు. రెండూ ఉన్నాయి.

అప్పుడు చెప్పేశాను. కుర్చీ తిప్పి, "అమ్మా, ఆసిఫాబాద్‌ల పేర్లు పోయిన ముచ్చట గుర్తున్నదా? గది సార్ ఒక్కరి తప్పు కాదు. ముందు నేనే మార్చిన. చెప్పలే," అన్నాను. కమలమ్మ గారు గ్లాసు కింద పెట్టి నా ముఖంలోకి చూశారు.

"గవన్ని నాకేం తెల్వయి బిడ్డా. ఆసిఫాబాద్ పోయచ్చినంక కొన్నొద్దులు అన్నం సక్కగ తినలే, గంతే ఎరుక. ఫోటోలు దొరికినయా?"

దొరికాయి. కూతురు పెళ్లివి, వేములవాడ పోయినప్పటివి, సాంచె పక్కన నూనె చేతులతో నవ్వుతున్న కుర్ర సార్‌ది ఒకటి. అన్నీ చిన్న డ్రైవ్‌లో వేసి ఆమె చేతిలో పెట్టాను. డబ్బా ఇక్కడే ఉంచుకోవచ్చా అని అడిగితే, మంచం కింద జాగ ఖాళీ అయితది, ఉంచుకో అన్నారు. ఆటో ఎక్కించి పైకి వచ్చాను.

ఆసిఫాబాద్ ఫైలు ఇంకా తెరిచే ఉంది. ఆయన రాసిన వాక్యాన్ని చెరపలేదు. దాని కింద, వరుస ముందు ఆ చిన్న గుర్తు పెట్టి, ఆయన రాసినట్టే ఇంగ్లిష్ అక్షరాలతో నా జవాబు రాశాను. 'పద్మ. వేగం కోసం సార్. మీరు మెచ్చుకోవాలని. ఆ రోజే చెప్పాల్సింది.' ఇవాళ్టి తేదీ వేశాను. సేవ్ నొక్కగానే డబ్బా లోపల డిస్క్ కర్రుమని తిరిగింది. అది ఆగేదాకా చెయ్యి తియ్యలేదు.